గ్లైడరుకు పెట్టిన బొట్టు

వెంకటరమణమ్మకు బొట్టు పెట్టే జబ్బు ఉంది. ఇది ఆమె కోడలు లీలావతి చెప్పే మాట. అత్తగారి చెవిన పడకుండా, కుక్కరు కూత వేసేటప్పుడు చెప్పే మాట. ఆయుధపూజ వచ్చిందంటే ఆ ఇంట్లో గంధం, కుంకుమ తప్పించుకున్న వస్తువు ఉండదు. గ్రైండరు, ఇన్వర్టరు, నీళ్ళ మోటారు, కొడుకు శరత్ బీపీ చూసుకునే మిషను, అన్నీ పెళ్ళికూతుళ్ళలా ముస్తాబై కూర్చుంటాయి. ఒక ఏడు టీవీ రిమోటుకూ పెట్టింది. మూడు రోజులు వాల్యూము తగ్గలేదు. వీధి వీధంతా భక్తి పాటలు విన్నది. "మంచిదే కదా" అంది వెంకటరమణమ్మ.

ఈ ఏడు ఆమె కన్ను గ్లైడరు మీద పడింది.

"దానికి ఇంజనే లేదత్తా. ఆయుధం కిందికి రాదు" అని లీలావతి వాదించి చూసింది.

"ఇంజను లేనిదానికి దేవుడన్నా తోడుండద్దా మే?"

బీకాం చదివిన లీలావతి లేచి గంధం గిన్నె కడిగి పెట్టింది.

మామగారిని నంద్యాల స్టీలు సామాన్ల కొట్లో పూజకు వదిలి, మిగతా ముగ్గురూ కారులో ఆళ్ళగడ్డ దారి పట్టారు. శరత్ నడుపుతున్నాడు. వెనక సీట్లో వెంకటరమణమ్మ గంధం గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా దాని మీద చెయ్యి మూత పెడుతోంది. తెల్లవారుజామున లేచి సాన మీద తనే అరగదీసింది. ఇడ్లీ పిండిలా చిక్కగా ఉంది.

రెండేళ్ళ కిందట ఇదే దారిలో అహోబిలం పోతుంటే, పొలాల మీద చప్పుడు లేకుండా తిరుగుతున్న తెల్లటి రెక్కలను చూసి లీలావతి "ఆపండి" అని అరిచింది. వాంతి వస్తోందనుకుని శరత్ గబుక్కున కారు పక్కకు తీశాడు. అప్పటికి ఆమెకు నలభై ఒకటి. ఆ పొలాల మధ్య ఏదో ఫ్యాక్టరీ వాళ్ళు వేసుకుని వదిలేసిన రన్‌వే మీద ఇప్పుడు వారానికి రెండు రోజులు గ్లైడరు నేర్చుకుంటోంది. పక్కన ఎవరూ లేకుండా ఎగరడం ఈ రోజు మూడోసారి.

షెడ్డు ముందర గ్లైడరు ఒక రెక్కను నేలకు ఆనించి పడుకుని ఉంది. దాని ముక్కుకు ఎర్ర గుడ్డ టోపీ తొడిగి ఉంది. యేసురత్నం తడి గుడ్డతో రెక్క తుడుస్తున్నాడు. గోస్పాడు నుంచి తెల్లారకముందే మోటారు సైకిలు మీద వచ్చి, గ్లైడరును కడిగి, తాడు పరచి, ఎగిరేటప్పుడు రెక్క కొస పట్టుకుని పక్కన ఉరకడం అతని పని.

వెంకటరమణమ్మ తన పని మొదలుపెట్టింది. రెక్కలకు చెరి మూడు బొట్లు. తోకకు ఒకటి. చక్రానికి ఒకటి, దాని కింద నిమ్మకాయ. అంతా అయినాక ముందుకు వచ్చి నిలబడింది.

"ముక్కుకు ఆ గుడ్డేందప్పా? తీయి."

యేసురత్నం టోపీ తీశాడు. ముక్కు చివర పెన్సిలు దూరేంత చిల్లు ఉంది. "పెద్దమ్మా, ఈ బొక్క కాడ మాత్రం వద్దు. గాలి దీంట్లో దూరితేనే లోపల స్పీడు ముల్లు తిరిగేది. రవ్వంత పక్కన పెట్టుకో."

"నొసట పెట్టే బొట్టును చెవి పక్కన పెడతారా నాయనా?"

రూపాయి బిళ్ళంత గంధం సరిగ్గా నడిమధ్యన పడింది. బొటనవేలితో అదిమి, దాని మీద కుంకుమ అద్ది, ఆమె రెండు అడుగులు వెనక్కి వేసి చూసుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవుడి పటం ముందు కూడా అంత తొందరగా తిరగవు.

యేసురత్నం లీలావతి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, నేను తుడిస్తే బాగుండదు. చర్చికి పోయేటోడు బొట్టు తుడిచినాడంటారు. మీరే తుడిచి ఎక్కండి."

"తుడుస్తాలే. నువ్వు పో."

ఆమె కర్చీఫు తీసి ముక్కు దగ్గరికి నడిచింది. అత్త చేతులు జోడించి అక్కడే నిలబడి ఉంది. ఆ పక్కనే శరత్, ఫోనులో ఫోటో తీయడానికి సిద్ధంగా. ఆ ఇంటి ఆడవాళ్ళ చేతులు బొట్టు పెడతాయి. తుడిచే రోజు ఒకటి ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పండగ పూట, మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా, అత్త పెట్టిన బొట్టు! లీలావతి చెయ్యి సగం దాకా పోయింది. పోయిన చెయ్యి వెనక్కి వచ్చి, తన మెడ మీది చెమట తుడుచుకుంది.

"బేగా ఎక్కు మే, పదకొండు దాటితే వర్జ్యం" అంది వెంకటరమణమ్మ.

లీలావతి ఎక్కింది. పట్టీలు బిగించుకుంది. నేర్పే మాధవయ్య సారు వంగి గ్లైడరు పొట్ట కింది కొక్కేనికి తాడు తగిలించాడు. ఒళ్ళంతా బొట్లున్న దానిలో ఏ బొట్టు ఎక్కడుందో ఆయన చూడలేదు. తాడు రెండో కొస అరవై గజాల ముందర, గ్లైడరును పైకి లాగడానికి వినయ్ నడిపే చిన్న విమానం తోకకు ఉంది. అద్దాల మూత వేయబోతుంటే రెక్క కొస దగ్గరి నుంచి యేసురత్నం కేకేశాడు.

"ముక్కు చూసుకుంటిరా అమ్మా?"

"చూసినా."

"తుడిస్తిరా?"

"తుడిచినా, తుడిచినా. కానీ!"

అతను రెక్క ఎత్తి సమం చేశాడు. ముందు విమానం గర్జించింది. తాడు బిగిసింది. యేసురత్నం రెక్క పట్టుకుని నడిచాడు, ఉరికాడు, వదిలాడు. చక్రం కింది దడదడ పలచబడి, ఆగిపోయింది. నేల విడిచింది.

ఇక్కడి నుంచి లీలావతికి అన్నీ ఇష్టమే. కానీ అన్నిటికన్నా ఇష్టమైనది ఇంకా పైన, తాడు వదిలాక ఉంటుంది. ముందు విమానం చప్పుడు ఎడమకు తిరిగి వెళ్ళిపోతుంది. కుక్కరు, టీవీ, కొట్టు నుంచి ఫోను, "లీలా, నా కళ్ళద్దాలేవీ", ఏదీ లేని ఒక గది ఆకాశంలో తలుపు తీసుకుంటుంది. గాలి ఒక్కటే ఉంటుంది. ఆ గదిలో కూర్చోడానికే ఆమె వారమంతా చపాతీలు చేస్తుంది.

ఆమె ముల్లు వంక చూసింది. సున్నా మీద ఉంది.

గాజు మీద వేలితో కొట్టింది. సున్నా. గంధం, అనుకుంది వెంటనే. మాధవయ్య సారు మాట కూడా వెంటనే గుర్తుకు వచ్చింది: "ముల్లు చచ్చిపోయినా ఏం కాదు. ముందుండే విమానం స్పీడే నీ స్పీడు. తాడు మాత్రం వదలొద్దు. పైకి పోయినాక ఆలోచిద్దాం." మాట గుర్తుకు వచ్చింది కానీ చెయ్యి దాన్ని వినలేదు. తాడు వదిలే పసుపు గుండీని పట్టుకుని లాగేసింది.

టక్‌మని తాడు పోయింది. చప్పుడు ముందుకు వెళ్ళిపోయింది. ఆమె కోరుకునే నిశ్శబ్దం అదే, కానీ కింద తాటిచెట్ల తలలు కనిపించేంత ఎత్తులో వచ్చింది.

అంత తక్కువ ఎత్తులో వెనక్కి తిరగకూడదని తెలుసు. తిరగలేదు. రన్‌వే అయిపోయింది, కంచె దాటింది, మినుము కోసేసిన చేను ఎదురొచ్చింది. మొన్నటి వానకు నల్లరేగడి నానిపోయి ఉంది. చక్రం తగిలింది, కూరుకుపోయింది. గ్లైడరు రెక్క నేలలో పాతుకుని గిర్రున తిరిగింది. వెనక ఎక్కడో చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. ఎడమ మణికట్టు దేనికో కొట్టుకుంది.

మొదట చేరింది యేసురత్నం. మోకాళ్ళ దాకా బురద. అద్దం మూత ఎత్తి ఆమెను చూశాడు, తరువాత ముక్కు వైపు చూశాడు. ముక్కు మట్టిలో ఉంది.

"ముల్లు కదల్లేదు" అంది లీలావతి.

అతను వంగి ఆమె పట్టీలు విప్పాడు.

నంద్యాల ఆస్పత్రిలో ఎడమ చేతికి కట్టు వేశారు. శరత్ ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "ఇంక చాలు లీలా" అన్నాడు. ఆ మాటను చెప్పుల పక్కనే వదిలిపెట్టినట్టు వదిలి లోపలికి పోయాడు.

మరుసటి రోజు మాధవయ్య సారు రాసిన నివేదిక ఫోనుకు వచ్చింది. 'విద్యార్థిని భయపడి తక్కువ ఎత్తులో తాడు వదిలినది. ఇకమీదట ఒంటరిగా పంపరాదు.' లీలావతి దాన్ని నాలుగుసార్లు చదివింది. ఫోను చేసింది.

"ముల్లు కదల్లేదు సార్."

"అందరూ అదే చెప్తారమ్మా. భయం తప్పు కాదులే. నాకూ అయింది, ఎయిర్‌ఫోర్సులో."

"నిజంగా కదల్లేదు సార్."

"సరేమ్మా. చేయి జాగ్రత్త."

ఆ తరువాత ఇంట్లో ఎవరు పలకరించినా ఆమె అదే చెప్పింది. పాలాయనకు చెప్పింది. పక్కింటి ప్రమీలకు చెప్పింది. నిజమే చెబుతోంది. నిజంలో అంత భాగమే చెబుతోంది.

వెంకటరమణమ్మ కోడలికి తల దువ్వింది, చిక్కు తీస్తూ, జుట్టు లాగుతూ. "నా బొట్టుండబట్టి చేతితో పోయింది. లేకుంటే ఏమయ్యేదో" అంది. లీలావతి అద్దంలో అత్త ముఖం చూసింది. ఆ ముఖంలో ఎక్కడా అనుమానం లేదు. అంత శుభ్రమైన ముఖాన్ని చూడలేక దువ్వెన వైపు చూసింది.

ఒంటి చేత్తో చేసే పనులు ఒక్కొక్కటే నేర్చుకుంది. ఉల్లిగడ్డను పీట మీద అరచేత్తో అదిమి, కట్టున్న చేతి మోచేయి ఆనించి తరగడం. చపాతీ కర్రను ఒక కొస పట్టుకుని దొర్లించడం. ఆంధ్రప్రదేశ్ పటం వచ్చేది. శరత్ రాయలసీమ వైపు నుంచి తినడం మొదలుపెట్టి, "కోస్తా మాడింది" అన్నాడు. ఆ ఇంట్లో మూడు రోజులకు అదే మొదటి నవ్వు.

మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే, క్లిప్పు పళ్ళతో పట్టుకుని పైకి చూసింది. ఒక గద్ద రెక్క కొట్టకుండా చుట్లు తిరుగుతోంది. వేడిగాలి ఎక్కడ లేస్తోందో దానికి తెలుసు. లీలావతికీ తెలుసు, ఎదుటి రైసు మిల్లు రేకుల మీద నుంచి. ఎంత ఎడమకు వంగాలో, ఎప్పుడు సమం చేయాలో ఆమె కుడి చెయ్యి తడి చీర మీదే చూపించింది. గద్ద నల్లమల వైపు పోయి చుక్కయ్యే దాకా నిలబడింది. కింద అత్త పిలుస్తోంది. చీర నుంచి కారిన నీళ్ళు ఆమె పాదాల మీద ఆరిపోయాయి.

నాలుగో రోజు మాధవయ్య సారే ఫోను చేశాడు.

"లీలావతమ్మా, నీ మాటే నిజం. ముక్కులో మట్టి కడిగితే లోపల గంధం గట్టిపడి ఉండాది. గుండుసూదితో పొడిచి తీసినాం. ముల్లెట్ల కదులుతాది!"

లీలావతి స్టవ్ ఆర్పింది. ముల్లు కదల్లేదని ఒకరు నమ్మారు.

"నివేదిక మార్చి రాస్తాండా. 'భయపడింది' అనేది కొట్టేసినా. చేయి నయమైనాక వచ్చి ఎక్కు. శుక్రవారం వచ్చి సంతకం పెట్టు, చాలు."

"మరి... తప్పు ఎవరిదని రాస్తాండారు సార్?"

"యేసురత్నందే కదా. టోపీ తీసినాక ముక్కు చూసే పని వానిది. ఏరా, చూసినావా అంటే నోరు తెరవడు. ఈ శుక్రవారంతో వాణ్ణి పొమ్మంటాండా. భయపడేటోళ్ళకు నేను నేర్పిస్తానమ్మా, ఎంతమందికి నేర్పలే! చూడకుండానే చూసినా అనేటోళ్ళను మాత్రం మైదానంలోకి రానీయను. అది ఎవరైనా సరే."

ఆమె ఫోను పెట్టేసింది. ఆర్పిన స్టవ్ మీద పప్పు తనకు తానే చల్లారింది.

విషయం విని శరత్ ఊపిరి వదిలాడు. "అయితే నీ తప్పు లేదన్నమాట" అన్నాడు. చెప్పుల దగ్గర వదిలిన మాటను తీసి అవతల పారేసినట్టే ఉంది గొంతు. కానీ వెంకటరమణమ్మ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"నేను పెట్టిన గంధమేనా?"

శరత్ ఆమె పక్కన నీళ్ళ గ్లాసు పెట్టాడు.

"ఆ పిల్లోడు వద్దు పెద్దమ్మా అన్నాడు. నేనే చెవి పక్కన పెడతారా అంటి." తన బొటనవేలిని తిప్పి చూసుకుంది. "ఈ ఏలితోనే అదిమితి."

ఆ పూట ఆమె అన్నం తినలేదు. గంధపు చెక్కను, సానను పాత చీర ముక్కలో చుట్టి అటక మీద పెట్టమంది. నలభై ఎనిమిదేళ్ళుగా పూజగదిలో ఉన్న సాన. శరత్ స్టూలు ఎక్కి పెట్టాడు. కింద స్టూలు పట్టుకున్నది లీలావతి. "కాదత్తా, నేను తుడిచి ఉంటే..." అని మొదలుపెట్టడానికి అది తగిన సమయమే. ఆమె స్టూలును ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

శుక్రవారం వెంకటరమణమ్మ కూడా బయలుదేరింది. "ఆ సారు ముందర నేనే చెప్తా. వాని పని పోకూడదు" అంది. వద్దంటే వినలేదు. ఈసారి ఆమె ఒళ్ళో ఏ గిన్నే లేదు. గుంతలు వచ్చినప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ముందు సీటు పట్టుకుంది.

షెడ్డులో గ్లైడరు తోక విరిగి, రెండు బల్లల మీద ఉంది. దాని వెనక యేసురత్నం తాడును మోచేతికీ అరచేతికీ మధ్య చుడుతున్నాడు. చుట్ట చుట్టకూ ఎక్కడైనా నలిగిందేమో వేళ్ళతో తడుముతున్నాడు. రేపటి నుంచి ఆ తాడు అతనిది కాదు, అయినా తడుముతున్నాడు. లీలావతి ఒక్కతే అతని దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకు చెప్పల్యా యేసురత్నం?"

"ఏం చెప్పాల్నమ్మా?"

"నేను తుడిచినా అని చెప్పినట్ల."

అతను ఇంకో చుట్ట చుట్టాడు. "మీరు అబద్ధం చెప్పిరని నేను చెప్పాల్నా? చెప్తే ఎవరు నమ్ముతారు? నమ్మినా, మీరు మళ్ళా ఎగరలేరు గదా. మీరు దిగేటప్పుడు మీ మొకం చూసిన్నమ్మా నేను, రెండు తూర్లు."

లీలావతి నేల మీది తాడు కొస ఎత్తి పట్టుకుంది.

"పైకి పోయినోణ్ణి కాదు నేను. నాకు తెలిసేది ఉరకడమే. రెక్క పట్టుకొని ఉరుకుతాంటే ఒక కాడ దాని బరువు పోతాది. చేతిలోనే ఉంటాది, బరువుండదు. అప్పుడు వదలాల." అతను చుట్టడం ఆపి అరచెయ్యి తెరిచి చూపించాడు. తాడు ఒరుసుకుని కాయలు కాసిన చెయ్యి. "మూన్నాళ్ళ నుంచి నిద్రలో ఉరుకుతాండానంట. మా ఆడమనిషి లేపుతాంది."

"అమ్మా, రాండి" అని మాధవయ్య సారు గది లోపలి నుంచి పిలిచాడు.

చిన్న గది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు గాలి వాటాల పటం. శరత్ ఒక కుర్చీలో, వెంకటరమణమ్మ ఇంకొక దానిలో కొసన కూర్చున్నారు. యేసురత్నాన్ని కూడా పిలిపించారు. అతను గడప దగ్గర నిలబడ్డాడు. మాధవయ్య సారు కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చదివాడు. అందులో లీలావతి ఎక్కడా భయపడలేదు. ముల్లు కదలలేదు. సిబ్బంది నిర్లక్ష్యం వల్ల గాలి రంధ్రం మూసుకుపోయింది. సంతకం చేయవలసిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంది. కట్టులేని చెయ్యి కుడిదే, సంతకానికి ఏ ఇబ్బందీ లేదు.

ఆమె పెన్ను తీసుకుంది. కిటికీలోంచి రన్‌వే కనిపిస్తోంది, ఎండకు మెరుస్తూ, ఖాళీగా. రెండు నెలల్లో కట్టు విప్పుతారు. అప్పటికి చలికాలం. చలికాలం గాలి పలచగా, నిలకడగా ఉంటుందని చెబుతారు. ఆమె ఇంకా చూడలేదు. పైనున్న ఆ గది ఈ కాగితానికి ఆ చివర తలుపు తీసుకునే ఉంది.

"సారూ, ఒక మాట" అంటూ వెంకటరమణమ్మ లేచింది. కొంగు భుజం మీదుగా కప్పుకుంది. "వాని పని తీయద్దు. వాడు వద్దన్న్యాడు. ఇంటే కదా నేను. పెద్దదాన్ని, తెలీక... తప్పు నా..."

"కూర్చో అత్తా."

లీలావతి పెన్నును బల్ల మీద పెట్టింది. అది దొర్లింది. మాధవయ్య సారు దాన్ని ఆపి, కళ్ళద్దాల పై నుంచి ఆమెను చూశాడు. గడప దగ్గర యేసురత్నం వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె అతన్ని చూసింది, తరువాత ఎవరినీ చూడకుండా చెప్పింది.

"ఈ కాగితం తప్పు సార్. గంధం పెట్టింది మా అత్తే. పెట్టంగా చూసింది నేను. యేసురత్నం తుడవమని నా కాడికొచ్చి చెప్పినాడు, చెయ్యి ఎత్తి కూడా తుడవల్యా. రెక్క కాడ నిలబడి మళ్ళా అడిగినాడు. తుడిచినా అని చెప్పినా. పైకి పోయినాక తాడు వదలొద్దన్న మీ మాట గుర్తుండి కూడా వదిలినా. ముల్లు కదల్లేదు, కదల్లేదు అని ఇన్ని దినాలు అందరికీ చెప్పుకుంటా తిరిగినా. చూడకుండానే చూసినా అన్నది నేను సార్. తప్పు నాది."